కలుపును గుర్తుపట్టే యంత్రం



కలుపు తీతకు ఎంత ఖర్చవుతున్నదో మీకు వేరే చెప్పనక్కరలేదు. అదునుకు కూలీలు దొరకరు. దొరికేనాటికి కలుపు పైరును మించిపోతుంది. ఈ చిక్కు మనకే గాదు, అమెరికా రైతులకూ వున్నది. అక్కడ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇద్దరు దానికొక ఉపాయం పన్ని, దాని మీదనే ఒక కంపెనీని నిలబెట్టారు. అది ఎట్లా జరిగిందో మీరు తెలుసుకోదగ్గ సంగతి.

కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వున్నది. అక్కడ 2011లో స్టీవ్ బ్లాంక్ అనే ఆయన ఒక కొత్త తరగతి ప్రారంభించారు. పరిశోధనశాలలో పుట్టిన విద్యను వ్యాపారంగా మలచడం ఎట్లాగో నేర్పే తరగతి అది. అందులో విద్యార్థులు గదిలో కూర్చుని లెక్కలు వేసుకుంటే చాలదు. తమ వస్తువును ఎవరు కొంటారనుకుంటున్నారో వాళ్ల దగ్గరకు వెళ్లి మాట్లాడి, విన్నది విన్నట్లు వచ్చి చెప్పాలి.

ఆ తరగతిలో హోర్హే హెరౌడ్, లీ రెడెన్ అనేవారు వున్నారు. హెరౌడ్ పెరూ దేశం నుంచి వచ్చినవాడు. ట్రాక్టర్లకు దారి చూపే పరికరాల కంపెనీలో అంతకుముందే పనిచేశాడు. రెడెన్ రోబోట్ల విద్య చదువుతున్నవాడు. కెమెరాతో చూచి, కంప్యూటరుతో పోల్చుకొని, తనంతట తాను పనిచేసే యంత్రం తయారుచేయగలరు వాళ్లు. దానితో మొదట ఏమి చేయదలచారో తెలుసా? మనిషి అక్కర లేకుండా పచ్చిక కోసే బండి!

బయటికి వెళ్లి నలుగురినీ అడిగేసరికి, పచ్చిక కోసే బండికన్న పొలంలో కలుపు తీసే బండికే అక్కర ఎక్కువని తేలింది. క్యారట్ పండించే రైతులను కలిశారు. మందులు చల్లకుండా సేద్యం చేసేవారు కలుపును మనుషులచేతనే తీయించుకోవాలి. ఆ కూలి వాళ్లకు మోయలేని భారం. విద్యార్థులు పచ్చిక మాట అక్కడితో వదిలేశారు. ముచ్చటపడి చేసుకున్న ఆలోచనను రైతు మాట విని వదులుకోవడం చదువుకున్నవాడికి అంత తేలిక గాదు. నా మట్టుకు నేను వాళ్ల యంత్రంకన్న ఈ పనినే ఎక్కువ మెచ్చుకుంటాను.

ఆ ఏడే బ్లూ రివర్ టెక్నాలజీ అనే కంపెనీ పెట్టారు. మొదట పట్టుకున్నది లెట్యూస్ పంట. అది పచ్చిగా తినే ఆకుకూర. విత్తనం దగ్గర దగ్గరగా వేసి, మొలిచిన తరువాత సుమారు జానెడుకొక మొక్క వుంచి మిగతావి తీసివేస్తారు, మనం ఒత్తు మొక్కలు తీసినట్లే. కూలీలు పారలతో చేసే ఈ పనిని ట్రాక్టరు వెనుక కట్టిన యంత్రం చేసింది. కెమెరా సాలును చూస్తుంది. ఏ మొక్క వుంచాలో, ఏది వద్దో కంప్యూటరు రెప్పపాటులో తేల్చుకుంటుంది. వద్దన్న మొక్క మీద మాత్రమే ఒక చిమ్ము చిమ్ముతుంది. చిమ్మేది విషమే కానక్కరలేదు, చిక్కటి ఎరువు ద్రావకం పడినా లేత మొక్క మాడిపోతుంది. యూరియా ఎక్కువైతే మొక్క మాడడం మీరు చూచేవుంటారు. ఆ యంత్రాన్ని మొదట్లో రైతుకు అంటగట్టలేదు. ఎకరానికి ఇంత అని తీసుకొని, పని తామే చేసిపెట్టేవారు. యంత్రం మొరాయిస్తే ఆ తలనొప్పి రైతుది గాదు.

తరువాత పత్తిలో దిగారు. అక్కడ కలుపు మందులకు చావని కలుపు పుట్టుకొచ్చింది. మన తోటకూర జాతిదే పామర్ అమరాంత్ అనే మొక్క. పేరుపొందిన గ్లైఫోసేటు మందుకు అది లొంగడం లేదని 2005లో జార్జియా రాష్ట్రంలో బయటపడింది. పత్తి ఏదో, కలుపు ఏదో కంప్యూటరుకు తెలియడానికి లెక్కలేనన్ని ఫొటోలు చూపి నేర్పారు. పిల్లవాణ్ణి గట్టు మీద నిలబెట్టి ఇది గరిక, ఇది తుంగ అని చూపించినట్లన్నమాట. 2017లో జాన్ డీర్ అనే ట్రాక్టర్ల కంపెనీ వీరి కంపెనీని 30 కోట్ల 50 లక్షల డాలర్లకు కొన్నది. 2022లో, పైరు మధ్య కలుపును మాత్రమే చూచి కొట్టే పెద్ద పిచికారీ యంత్రాన్ని ప్రకటించింది. దాని రెక్కల వెడల్పు 120 అడుగులు, కెమెరాలు 36.

అంత యంత్రం మన రెండెకరాల చెక్కలో తిరగదు. పత్తిలో మనం వేసే కంది సాలును చూస్తే, నేర్పనంతవరకు అది కందినీ కలుపే అనుకోవచ్చు. మరొకటి వున్నది. కలుపు కూలితో సంసారం ఈదుకొచ్చే ఆడవాళ్లు మన వూళ్లలో ఎందరో. యంత్రం వస్తే వాళ్లకు పని ఏది? దీనికి జవాబు నాకు ఆ కంపెనీ కథలో దొరకలేదు.

మన దగ్గరా ఇటువంటి ప్రయత్నాలు లేకపోలేదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ 2003లోనే వ్యవసాయంలో కొత్త కంపెనీలకు ఆసరా యిచ్చే విభాగం ప్రారంభించింది. అటువంటి కుర్రవాళ్లెవరైనా మీ చేనికి వస్తే గట్టు మీదనే మాట్లాడి పంపవద్దు, చేలోకి దింపండి. సాలుకు సాలుకు ఎంత ఎడం వున్నదో కొలిచి చూపండి. కలుపు ఏ వారంలో ముమ్మరమో, ఎకరానికి ఎందరు కూలీలు పడతారో, ఎంత బాడుగైతే మీకు గిట్టుతుందో లెక్కగట్టి చెప్పండి. యంత్రం పొరపాటున పైరును మాడిస్తే ఆ నష్టం ఎవరు పెట్టుకుంటారో కూడా ముందే అడగండి.