మనసు మందు – రక్తములో చక్కెర

మతి చలించిన కుమారునికి ఆరు నెలలుగ మందు వేయుచున్న తల్లి, “దేవుని దయ, బిడ్డ కాస్త ఒళ్ళు చేసినాడు, ఆకలి పుట్టినది” అని సంతసించుట సహజము. చార్మినారు చుట్టుపట్ల గల్లీలలో ఈ మాట మేము పలుమార్లు విన్నాము. ఆ సంతోషమును చెరుపుట మా యుద్దేశము కాదు. కాని ఆ ఒళ్ళు ఆరోగ్యమో, మధుమేహమునకు ముంగుర్తో కంటితో చూచి చెప్పలేము, కొలిచి చూడవలెను.

లేని గొంతులు వినుట, నిష్కారణముగ అనుమానించుట మున్నగు బాధలను అణచు మందులలో మొదటిదగు క్లోర్‌ప్రోమజీన్ 1952లో పారిస్ నగరమున వాడుకకు వచ్చినది. తరువాతి వగు క్లోజపీన్, ఒలాంజపీన్ ఎందరికో మేలు చేసినవి. అయితే అవి మెదడులో ఆకలిని అదుపు చేయు ఏర్పాటును సడలించును; శరీరము ఇన్సులినునకు లొంగకుండునట్లును చేయును. ఒక్కొకప్పుడు బరువు పెరుగకయే చక్కెర పెరుగును. అన్ని మందులును ఒక్క తీరువి కావు. అరిపిప్రజోల్‌తో ఈ బెడద తక్కువ.

2004లో అమెరికాలోని మధుమేహ, మానసిక వైద్య సంఘములు కలిసి ఒక క్రమమును సూచించినవి. మందు మొదలిడునపుడే బరువు, నడుము కొలత, రక్తపు పోటు, పరగడుపు చక్కెర, కొవ్వులు చూడవలెను. బరువు 4, 8, 12 వారములకు. చక్కెర 12వ వారమునకు, పిదప ఏటేట. నడుమునకు దర్జీ టేపు చాలును: మనవారిలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. ఎనిమిది గంటలు నీరు తప్ప ఏమియు పుచ్చుకొనక ఇచ్చిన రక్తమున, డెసిలీటరుకు చక్కెర 100 మిల్లీగ్రాములకు లోపున్న మేలు. 100 నుండి 125 వరకు హెచ్చరిక. 126, ఆపైన మరల చూచినను వచ్చిన మధుమేహమే. తెల్లవారకముందే ఇరానీ చాయ్‌కై బయలుదేరు రోగిని పరగడుపున నిలుపుట ఎంత కష్టమో ఇంటివారికే తెలియును. అట్టివారికి మూడు నెలల సగటును తెలుపు హెచ్.బి.ఏ.వన్.సి. పరీక్షను ఏ వేళనైనను చేయించవచ్చును. అందు 5.7 శాతము మొదలు హెచ్చరిక, 6.5 మొదలు మధుమేహము.

అసలు చిక్కు వేరొకటి. పాతబస్తీవారు మనసునకు ఎర్రగడ్డకును, చక్కెరకు నయాపూల్ దాటి ఉస్మానియా దవాఖానాకును పోవుదురు. ఒకచోటి చీటీ రెండవచోట చూపరు. మతిభ్రమ మాట పైకి చెప్ప సిగ్గు. మందు పేరే తెలియని వైద్యుడు చక్కెర ఏల పెరిగెనో ఎట్లూహించును? రెండు చీటీలును ఒకే సంచిలో నుంచుడు. 2018 నుండి నగరమున వెలసిన బస్తీ దవాఖానాలలోను రక్తపరీక్షకు అడుగవచ్చును.

మాకొక భయము కలదు: ఈ ప్రసంగము విని ఎవరైనను మందు మానిపింతురేమో! అట్లు చేయకుడు. హఠాత్తుగ మానిన, పాత జబ్బు మరింత ఉధృతముగ తిరుగబెట్టవచ్చును. చక్కెర పెరిగినదని తేలిన, వైద్యుడు మందు మార్చవచ్చును, మెట్‌ఫార్మిన్ చేర్చవచ్చును. రోగి ఎడతెగని దాహముతో మాటిమాటికి మూత్రమునకు పోవుచు, వాంతులతో మగతలో పడినచో మాత్రము, అది మనసు జబ్బేయని ఊరకుండక ఆ పూటనే ఆసుపత్రికి చేర్చవలెను.