చెంచుల అల్లుడు నడిచే దారి

ఆస్ట్రేలియా ఎడారిలో పపున్యా అని ఒక వూరుంది. 1971లో ఆ వూరి బడిగోడమీద అక్కడి ఆదివాసి పెద్దలు ఒక బొమ్మ వేశారు. వేయమని ప్రోత్సహించినవాడు జెఫ్రీ బార్డన్ అనే బడిపంతులు. బొమ్మనిండా వలయాలూ, గీతలూ! మన ఆడవాళ్ళు చూస్తే ముగ్గనుకుంటారు. నిజానికది తేనెచీమ ప్రయాణం. ఆ చీమ వాళ్ళ కులానికి మూలపురుషుడు. అది ఆగిన చోటల్లా వలయం, నడిచిన మేరా గీత. ఆ దారే వాళ్ళకు పురాణమూ, దేశపటమూను.

ఈ సంగతి చదవగానే నాకు మన అహోబిలం గుర్తుకు వచ్చింది. అక్కడ చీమ అయితే ఇక్కడ సింహం, అంతే తేడా.

అహోబిలం మొన్న మొన్నటిదాకా కర్నూలు జిల్లాలోనిది. 2022 నుంచి నంద్యాల జిల్లాలో చేరింది. నల్లమల అంచున వెలసిన ఆ నరసింహస్వామి మనకు దేవుడే గాని, చెంచులకు మాత్రం ఇంటల్లుడు. తమ ఆడపడుచు చెంచులక్ష్మిని చేసుకున్నాడు గదా! 1958లో వచ్చిన ‘చెంచులక్ష్మి’ సినిమా చూసినవారికి ఈ కథ కొత్త కాదు.

ఆ అల్లుడుగారు ఏటా కనుమనాడు పల్లకి యెక్కి పారువేటకు బయలుదేరుతారు. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడూ, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదుడూ కలిసే వెళ్తారు. చెంచులు విల్లంబులతో వచ్చి మర్యాద చేస్తారు. ఆ పైన నలభై రోజులకు పైగా, ముప్ఫైకి మించిన పల్లెల్లో సంచారం. పేరుకు వేట, చేసేది మాత్రం పెళ్ళిపిలుపు! ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి స్వామి శుభలేఖలు పంపడు, తానే గడపగడపకూ వచ్చి పిలుస్తాడు. పల్లకి దిగిన రోజే ఆ వూరికి తిరణాల.

నా కంటికి ఇదీ ఒక బొమ్మే. పల్లకి ఆగిన వూరు వలయం, నడిచిన బాట గీత. రంగులు లేవు, గోడ లేదు. ఏటేటా మనుషులు కాళ్ళతో గీస్తున్నారు.

పపున్యా గోడమీది బొమ్మను 1974లో పైన రంగు పూసి కప్పేశారు. అయినా కథ చెరగలేదు. ఆ పెద్దలు అప్పటికే పలకలమీద, గుడ్డమీద తమ దారులు గీయడం మొదలుపెట్టారు. 1972లోనే సొంత సంఘం కూడా పెట్టుకున్నారు. నేడు వారి చిత్రాలు పెద్ద పెద్ద మ్యూజియముల్లో వున్నాయి. గోడ పోయినా, దారి తెలిసినవాళ్ళు మిగిలారు. అదీ కిటుకు!

పారువేటను యునెస్కో గుర్తింపుకు పంపాలని ఇటీవల ప్రయత్నాలు జరిగాయి. సంతోషమే. కాని చెంచులను ప్రభుత్వమే మిక్కిలి దుర్బలమైన గిరిజన తెగల్లో లెక్కకట్టింది. అల్లుడికి ఎన్ని బిరుదులు తెచ్చినా, అత్తింటివారి పొయ్యిలో పిల్లి లేవకపోతే ఆ పెళ్ళికి కళేముంటుంది?