కొత్త కంప్యూటర్‌కు పాత విండోస్: అపోహలు – వాస్తవాలు

కొత్త కంప్యూటర్‌లో కంపెనీ వేసి ఇచ్చిన విండోస్ 11ను తీసేసి విండోస్ 10నో, విండోస్ 7నో వేయించడాన్ని డౌన్‌గ్రేడ్ అంటారు. తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి పట్టణాల్లో ఈ అవసరం ముందుగా డీటీపీ సెంటర్లకు, ప్రింటింగ్ ప్రెస్సులకు ఎదురవుతుంది. శుభలేఖలు, కరపత్రాలు, సావనీర్ల పని తెలుగునాట ఏళ్ల తరబడి పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్‌ల మీదే నడిచింది. పాత ఫైళ్లన్నీ వాటిలోనే ఉంటాయి, ఆపరేటర్ల వేళ్లు అను కీబోర్డుకే అలవాటుపడి ఉంటాయి. డాస్ కాలంలో ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న లెక్కల ప్రోగ్రామ్‌ను వదులుకోలేని వ్యాపారులదీ ఇదే ఇబ్బంది. అవసరం నిజమైనదే. దాని చుట్టూ ప్రచారంలో ఉన్న మాటల్లో మాత్రం చాలావాటికి ఆధారం లేదు. వాటిని నమ్మి కొత్త కంప్యూటర్‌ను ఫార్మాట్ కొట్టిస్తే డబ్బూ, సమయమూ పోగొట్టుకునేది కొన్నవారే.

అపోహ 1: ఏ కంప్యూటర్‌లోకైనా ఏ విండోస్ అయినా ఎక్కుతుంది.

వాస్తవం: ఆపరేటింగ్ సిస్టమ్ విడుదలయ్యాక పుట్టిన హార్డ్‌వేర్‌ను గుర్తించాలంటే దానికి తగిన డ్రైవర్లు కావాలి. విండోస్ 7 విడుదలైంది 2009 అక్టోబరులో. యూఎస్‌బీ 3.0 పోర్టులకు, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలకు కావలసిన డ్రైవర్లు దాని అసలు డిస్క్‌లో లేవు. అందుకే ఇన్‌స్టాలేషన్ మొదలయ్యాక మౌస్ కదలదు, కీబోర్డు పనిచేయదు, డిస్క్ కనిపించదు. ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్ల నుంచి, ఏఎండీ రైజెన్ నుంచి విండోస్ 7కు మద్దతు ఇవ్వబోమని మైక్రోసాఫ్ట్ అప్పట్లోనే ప్రకటించింది. కొత్త మదర్‌బోర్డులు చాలావాటిలో పాత బయోస్ పద్ధతిలో బూట్ అయ్యే సౌకర్యమే లేదు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ సంగతైతే చెప్పనక్కర్లేదు. విండోస్ 10 మాత్రం చాలా కొత్త కంప్యూటర్లలో ఎక్కుతుంది. అయినా కొన్ని తాజా ల్యాప్‌టాప్‌లకు కంపెనీలు విండోస్ 11 డ్రైవర్లు మాత్రమే ఇస్తున్నాయి. తమ మోడల్‌కు ఏ డ్రైవర్లు ఉన్నాయో కంపెనీ సైట్‌లో ముందే చూసుకోవాలి.

అపోహ 2: కొత్త విండోస్‌కు డబ్బు కట్టాం కాబట్టి పాతది ఉచితంగా వాడుకోవచ్చు.

వాస్తవం: ఈ హక్కు ఎడిషన్‌ను బట్టి ఉంటుంది. విండోస్ 11 ప్రోతో వచ్చిన కంప్యూటర్‌లో విండోస్ 10 ప్రో వేసుకోవడానికి లైసెన్స్ ఒప్పుకుంటుంది. హోమ్ ఎడిషన్‌కు ఆ హక్కు లేదు, ఇళ్లకు కొనే ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఉండేది హోమే. ప్రో ఉన్నవారు కూడా పాత వెర్షన్ ఇన్‌స్టాలేషన్ ఫైళ్లను తామే సమకూర్చుకోవాలి. క్రాక్‌తోనో, యాక్టివేటర్‌తోనో నడిపించేది లైసెన్స్ కాదు. దొంగ కాపీ అని తెలిసి వాడితే కాపీరైట్ చట్టం, 1957లోని 63బి సెక్షన్ ప్రకారం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. లాభం కోసమో, వ్యాపారంలోనో వాడనివారికి జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు కోర్టుకు ఉంది. డబ్బు తీసుకుని పనిచేసే డీటీపీ సెంటర్ ఆ మినహాయింపును ఆశించలేదు.

అపోహ 3: సెట్టింగ్స్‌లో ‘గో బ్యాక్’ నొక్కితే పాతది తిరిగొస్తుంది.

వాస్తవం: విండోస్ 10 నుంచి 11కు అప్‌గ్రేడ్ చేసుకున్నవారికే ఆ అవకాశం, అదీ మామూలుగా 10 రోజుల వరకే. పాత సిస్టమ్ ఫైళ్లను ఆ గడువు దాకా డిస్క్‌లో దాచి ఉంచడం వల్లే వెనక్కి వెళ్లడం సాధ్యమవుతుంది. ఫ్యాక్టరీ నుంచే విండోస్ 11తో వచ్చిన కంప్యూటర్‌లో దాచిన పాతదంటూ ఉండదు. అక్కడ డౌన్‌గ్రేడ్ అంటే డిస్క్ తుడిచి మళ్లీ వేయడమే.

అపోహ 4: పాత విండోస్ తేలిక, కంప్యూటర్ పరుగెడుతుంది.

వాస్తవం: విండోస్ 11కు 4 జీబీ ర్యామ్ కనీస అర్హత మాత్రమే. అంతే ర్యామ్ ఉన్నా, పాత రకం హార్డ్‌డిస్క్ ఉన్నా నెమ్మదించడం ఖాయం. ర్యామ్ 8 జీబీకి పెంచడం, ఎస్‌ఎస్‌డీ వేయించడం దానికి మందు. కొత్త ప్రాసెసర్ మీద పాత విండోస్ ఒక్కోసారి వేగాన్ని తగ్గిస్తుంది కూడా. ఇంటెల్ 12వ తరం నుంచి చాలా ప్రాసెసర్లలో బలమైన కోర్లు, పొదుపు కోర్లు అని రెండు రకాలున్నాయి. ఏ పని ఏ కోర్‌కు అప్పగించాలో ప్రాసెసర్ ఇచ్చే సూచనలను అందుకునేలా తయారైంది విండోస్ 11. ఎక్స్‌పీ 32 బిట్ల వెర్షన్ 4 జీబీకి మించి ర్యామ్‌ను వాడుకోలేదు.

అపోహ 5: పాత ప్రోగ్రామ్‌లు విండోస్ 11లో నడవనే నడవవు.

వాస్తవం: నడిచేవీ ఉన్నాయి, నడవనివీ ఉన్నాయి. తేడా ప్రోగ్రామ్ ఎన్ని బిట్లది అన్న దగ్గర వస్తుంది. విండోస్ 11లో 64 బిట్ల వెర్షన్ ఒక్కటే ఉంది. అది 32 బిట్ల ప్రోగ్రామ్‌లను నడుపుతుంది, 16 బిట్ల డాస్ ప్రోగ్రామ్‌లను నేరుగా నడపదు. పేజ్‌మేకర్ 7.0 వంటి 32 బిట్ల ప్రోగ్రామ్ మొరాయిస్తే ముందుగా దాని ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ మోడ్ మార్చి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి చూడాలి. ఫాక్స్‌ప్రో వంటి డాస్ ప్రోగ్రామ్‌లకు డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

ఈ రెండు దారులూ మూసుకుపోతే వర్చువల్ మెషీన్ ఉంది. విండోస్ 11 లోపలే వర్చువల్‌బాక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాత విండోస్‌ను విడిగా, ఒక ప్రోగ్రామ్‌లా నడపవచ్చు. దాని నెట్ కనెక్షన్ తీసేసి, ఫైళ్లను షేర్డ్ ఫోల్డర్ ద్వారా పంపుకోవచ్చు. లోపల వేసే విండోస్‌కూ లైసెన్స్ ఉండాలి.

అపోహ 6: తెలుగు పనికి పాత విండోసే నయం.

వాస్తవం: అను ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల చోట కూర్చున్నాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపించడానికి కారణం అదే. ఆ లోపం విండోస్‌ది కాదు. తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న యూనికోడ్ తెలుగు ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్‌తో వచ్చింది. తర్వాత విండోస్ 7లో వాణి, విండోస్ 8లో నిర్మల చేరాయి. పాత వర్డ్ ఫైల్ కొత్త కంప్యూటర్‌లో వేరేలా కనిపిస్తే ఆప్షనల్ ఫీచర్లలో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్లను చేర్చుకోవాలి. గౌతమి, వాణి అక్కడే ఉన్నాయి. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో తెలుగు టైపు చేసే ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచి విండోస్‌తోనే వస్తోంది. తెనాలి రామకృష్ణ, రామభద్ర, సూరన్న, ధూర్జటి, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అను పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లూ ఉన్నాయి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు కాబట్టి కొత్త పనిని ఇన్‌డిజైన్ వంటి వాటికి మళ్లించక తప్పదు. ఆపరేటర్‌కు ఇది శ్రమే, కానీ ఒకసారి పడితే చాలు.

అపోహ 7: చిన్న ఊరి కంప్యూటర్‌ను ఎవరు హ్యాక్ చేస్తారు? యాంటీవైరస్ చాలు.

వాస్తవం: వైరస్ ఊరు చూసుకుని రాదు. 2017 మే 12న ప్రపంచాన్ని కుదిపిన వానాక్రై అనే హానికర ప్రోగ్రామ్, విండోస్‌లోని ఒక లోపం ఆధారంగా నెట్‌వర్క్‌లో తనంతట తానే పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అలా దెబ్బతిన్న జిల్లాల్లో గుంటూరు ఒకటి. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ అప్పటికి ఆ జిల్లాలోవే. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే అప్‌డేట్ ఇచ్చింది, వేసుకోనివారే నష్టపోయారు. అప్‌డేట్లే రాని విండోస్‌కు ఆ అవకాశం కూడా లేదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసింది. ఇళ్లలో విండోస్ 10 వాడేవారు నమోదు చేసుకుంటే మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు అందుతాయని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ 7కు క్రోమ్ బ్రౌజర్ కొత్త వెర్షన్లు 2023లోనే ఆగిపోయాయి.

అపోహ 8: ఒకసారి తీసేస్తే విండోస్ 11 పోయినట్టే.

వాస్తవం: ముందే విండోస్ వేసి అమ్మే కంప్యూటర్లలో లైసెన్స్ కీ మామూలుగా మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ మళ్లీ వేస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. పోయేది డిస్క్‌లోని డేటా, కంపెనీ రికవరీ విభాగం. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. సెక్యూర్ బూట్ వంటి అమరికలు మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే ఫైళ్లు దక్కవు. ఏ మార్పుకైనా ముందు ఆ కీని రాసుకోవాలి, ఫైళ్లను వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి, రికవరీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవాలి.

మొత్తం మీద విండోస్ 7, ఎక్స్‌పీలను కొత్త కంప్యూటర్‌లో వేయించడం దండగ. ప్రో లైసెన్స్, డ్రైవర్లు రెండూ ఉంటే విండోస్ 10 సాధ్యమే, అయితే అది కొద్దికాలపు ఏర్పాటు. పాత ఫైళ్లు తెరవాల్సిన డీటీపీ సెంటర్లు పాత కంప్యూటర్‌ను నెట్ కనెక్షన్ లేకుండా ఆ పనికే ఉంచుకోవాలి. కొత్త కంప్యూటర్‌లో విండోస్ 11నే ఉంచి, కొత్త పనిని యూనికోడ్‌లో మొదలుపెట్టాలి.