లోలకం కట్టిన తాళం

మా పై వాటాలో ఉండే అమ్మాయి కీబోర్డు నేర్చుకుంటోంది. నెలరోజులుగా సాయంత్రం ఆరయ్యేసరికి మెట్ల మీంచి ఒకటే పాట దిగుతుంది: జి మేజర్ మెన్యుయెట్. పక్కన సెల్‌ఫోన్‌లో మెట్రోనోమ్ నిమిషానికి వంద చొప్పున టిక్కుమంటూ ఉంటుంది.

పియానో నేర్చుకున్నవాళ్లలో దీన్ని వాయించనివాళ్లు అరుదు. బాఖ్ భార్య ఆన్నా మాగ్దలేనా 1725 నాటి నోటుపుస్తకంలో ఉంది కనక బాఖ్ రచనే అనుకున్నారు చాలాకాలం. డ్రెస్డెన్‌లో ఆర్గన్ వాయించిన క్రిస్టియన్ పెట్జోల్డ్‌దని 1970లలో తేలింది. మూడేసి మాత్రల నడక, అంటే మన తకిట. అలాంటి తకిటలు 32. పదహారేసి చొప్పున రెండు భాగాలు, ఒక్కో భాగం రెండుసార్లు, వెరసి 64. నిమిషానికి వంద మాత్రలైతే పాట ముగియడానికి దాదాపు రెండు నిమిషాలు. పెద్దింటి ముత్తైదువ కుచ్చిళ్లు పట్టుకుని మెట్లు దిగుతున్నట్టుంటుంది. మెన్యుయెట్ అంటే అదేనని నేనూ అనుకునేవాణ్ణి.

ఆ నోటుపుస్తకంలో వేగం గురించి ఒక్క మాటా లేదు. మెన్యుయెట్ అన్న పేరే ఉంది. కోలాటం ఎంత వేగంగా వెయ్యాలో మనకెవరూ రాసివ్వక్కర్లేనట్టు, వాళ్లకా పేరే చాలు. చిక్కల్లా ఆ నాట్యం తెలిసినవాళ్లు పోయాక వచ్చింది.

అదృష్టవశాత్తూ పారిస్‌లో ఒకాయనకు ఈ బెంగ ముందే పట్టింది. ఎటియెన్ లూలియే 1696లో అచ్చువేసిన సంగీత పుస్తకంలో ఒక పరికరాన్ని వర్ణించాడు. ఆరడుగుల పైచిలుకు నిలువు చెక్క, అంగుళానికొకటి చొప్పున 72 రంధ్రాలు, దారానికి వేలాడే సీసపు గుండు. ఏ రంధ్రంలో మేకు దోపితే దారం అంత పొడవే ఊగుతుంది. రాసినవాడు రంధ్రం అంకె వేస్తే చాలు, వందేళ్ల తర్వాతైనా అదే వేగం దొరుకుతుంది. గుండు బరువుతో పనిలేదు, పొడవుతోనే పని. ఇటునుంచి అటు సెకనుకొక ఊపు కావాలంటే సుమారు 99 సెంటీమీటర్ల దారం కావాలి. ఊపుకు రెట్టింపు సమయం పట్టాలంటే నాలుగింతలు. అందుకే అది మనిషికంటే పొడుగు. అంత పొడుగున్నా నిమిషానికి సుమారు 43 ఊపులకంటే తక్కువకు దిగలేదు. పైగా మూగది. చప్పుడు లేదు, గుండును కళ్లతో చూస్తూ వాయించుకోవాలి.

ఆ మూగతనమే కొంప ముంచింది. జోసెఫ్ సోవర్ అనే గణితవేత్త ఈ పరికరానికి సెకనులో అరవయ్యో వంతు కొలతలు పెట్టాడు. రాజుగారి ప్రార్థనామందిరంలో పాడే లాఫిలార్ 1705లో ఆ కొలతలతోనే నాట్యాల వేగాలు అచ్చువేశాడు. అందులో మెన్యుయెట్‌కు నిమిషానికి సుమారు 70 తకిటలు పడతాయి. అంటే 210 మాత్రలు! మా పై వాటా వేగానికి రెట్టింపు పైనే. పాటంతా 55 సెకన్లలో అయిపోతుంది. ఆరు మాత్రలకు నాలుగు అడుగులు వేసే నాట్యమది, రెండు సెకన్లలోపే ఆ నాలుగూ పడాలి. కాదు, ఆయన గుండు వెళ్లి రావడాన్ని ఒకటిగా లెక్కపెట్టాడు, ఆ అంకెల్ని సగం చేయండని కొందరు పండితులంటారు. సగం చేస్తే 105, దాదాపు అమ్మాయి వేగమే! గుండు ఒక్కసారి టిక్కుమని ఉంటే ఈ తగవే లేదు.

నా మొగ్గు మాత్రం క్వాంట్స్ వైపు. ప్రష్యా రాజుకు ఫ్లూటు నేర్పిన ఈయన 1752 నాటి పుస్తకంలో యంత్రం జోలికే పోలేదు. మధ్యాహ్నం భోంచేసి హుషారుగా ఉన్న మనిషి నాడి నిమిషానికి 80 అనుకొమ్మన్నాడు, మెన్యుయెట్‌లో రెండు మాత్రలకొక నాడి అన్నాడు. అంటే 160. నాడి అటూ ఇటూ ఊగదు కాబట్టి సగమా, మొత్తమా అన్న పేచీ లేదు. పైగా ఆయన చాలాకాలం డ్రెస్డెన్‌లోనే ఉన్నాడు, పెట్జోల్డ్ బతికున్న రోజుల్లోనే.

ఆరడుగుల చెక్క జానెడు పెట్టెలోకి దిగింది 1814లో. ఆమ్‌స్టర్‌డామ్‌లో వింకెల్ చేసిన ఉపాయం చిన్నది, నా దృష్టిలో మొత్తం కథలో అందమైనది. కడ్డీని చివర కాకుండా నడిమికి దగ్గర కీలు మీద నిలిపి, కింద బరువైన గుండు, పైన జరిపే చిన్న గుండు పెట్టాడు. కింది గుండు కడ్డీని నిలబెట్టాలని చూస్తుంటే పై గుండు పడగొట్టాలని చూస్తుంది. ఆ లాగులాటలో ఊపు నెమ్మదిస్తుంది. పై గుండును ఎంత పైకి జరిపితే అంత నెమ్మది. మామూలు లోలకమైతే నిమిషానికి 40 ఊపులకు రెండు మీటర్ల పైన కావాలి. స్ప్రింగు, పళ్లచక్రం ప్రతి ఊపుకీ చిన్న తోపు ఇస్తూ టిక్కుమంటాయి. మూగదానికి నోరొచ్చింది.

పేరు మాత్రం వింకెల్‌కు దక్కలేదు. దాన్ని చూసిన మెల్జెల్ అంకెల పట్టీ చేర్చి 1815లో పేటెంటు తీసుకుని, మరుసటేడు పారిస్‌లో తయారీ మొదలెట్టాడు. లోపల మనిషి దాక్కుని ఆడే చదరంగం బొమ్మను యంత్రమని ఊరూరా చూపించినవాడు కూడా ఈయనే. అసలు కనిపెట్టింది వింకెలేనని డచ్చి పండితులు 1820లో తేల్చారు, అప్పటికే బేతోవెన్ తన సింఫనీలకు మెల్జెల్ అంకెలు వేసి మూడేళ్లయింది. ఈనాటికీ స్వరపత్రాల మీద ఎం.ఎం. అంటే మెల్జెల్ మెట్రోనోమే. ఇప్పుడు మామూలుగా దొరికేవాటి పట్టీ 40 నుంచి 208 దాకా. లాఫిలార్ 210 అందులో ఇమడదు. మెల్జెల్ నాటికే యూరప్ వాల్ట్జ్ ఆడుతోంది, మెన్యుయెట్ గురించి అడిగేవాళ్లెవరు?

మొన్న అమ్మాయిని 160కి పెట్టి చూడమన్నాను. మేజర్ అంటే మన శంకరాభరణం స్వరాలే. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి స్వరకర్త షార్పాంతియే జి మేజర్‌ది మెత్తని సంతోషమన్నాడు. వందలో ఆ సంతోషం నాకెప్పుడూ వినపడలేదు. 160లో, రెండు తప్పుల మధ్యనే అయినా, వినపడింది.

అదే నోటుపుస్తకంలో దీనికి జోడీ ఉంది, పెట్జోల్డ్‌దే, జి మైనర్‌లో. మన కీరవాణికి దగ్గర. అదీ మెన్యుయెట్టే, అదీ తకిటే, షార్పాంతియే మాత్రం ఆ శ్రుతిది గాంభీర్యం, వైభవం అన్నాడు.

"అదీ నూట అరవయ్యేనా అంకుల్?" అంది.

వాయించి చూడమన్నాను. ఫోనులో అంకె మార్చకుండానే మొదలుపెట్టింది.