స్కాలర్‌షిప్పు రావడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఒక ఎత్తు

కూలిరేట్లు, ఇళ్లస్థలాలు, ఉపాధి పనుల బకాయిలు – గ్రామశాఖ సమావేశం పెడితే మన ఎజెండా ఇదే. కాలేజీ చదువుల సంగతి అందులోకి రాదు. "అది విద్యార్థి సంఘంవాళ్లు చూసుకుంటార్లే" అని ఊరుకుంటాం. కాని మన పేటల్లో డిగ్రీయో ఇంజనీరింగో చదివే పిల్లలున్న ఇళ్లకు వెళ్లి, అప్పు ఎందుకయిందని అడిగి చూడండి. వెనకటికి పెళ్లి, జబ్బు, ఈ రెండే వినపడేవి. ఇప్పుడు మూడోది చేరింది. "కాలేజీవాళ్లు సర్టిఫికెట్టు ఇవ్వమన్నారన్నా, తెచ్చి కట్టక తప్పలేదు" అంటారు. ఫీజు సర్కారే కడుతుందని చెప్పి చేర్చుకున్న కాలేజీ, సర్కారు కట్టలేదని కూలివాడి మెడమీద కూర్చుంటున్నది. మూడువంతుల వడ్డీవ్యాపారం ఇప్పుడు ఈ సర్టిఫికెట్ల మీదే నడుస్తున్నదంటే నాకు ఆశ్చర్యం లేదు. అందుకని ఇది మన సంఘం విషయమే.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. స్కాలర్‌షిప్పు ఎవరి దయా కాదు. ఊళ్లో మోతుబరులు "మీవాళ్లకేమయ్యా, ఊరికే చదువులు" అని ఎత్తిపొడుస్తుంటారు. మనవాళ్లు తల వంచుకుని వస్తుంటారు. ఎందుకు వంచుకోవాలి? డాక్టర్ అంబేడ్కర్ 1942లో వైస్రాయి కౌన్సిలులో సభ్యుడయ్యాడు. షెడ్యూల్డు కులాల కష్టాల మీద మహజరు ఇచ్చి, పట్టుబట్టి అడిగాడు. 1944లో కేంద్రం ఆ కులాల పిల్లలకు పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పు పెట్టింది. తర్వాత గిరిజనులకూ వచ్చింది. అంబేడ్కరు తానే స్కాలర్‌షిప్పు మీద చదివినవాడు. 1913లో బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌన్లు ఇస్తే అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. ఆ గడువు అయిపోయేసరికి లండను చదువు మధ్యలో వదిలేసి 1917లో తిరిగి రావలసివచ్చింది. మళ్లీ 1920కి గాని వెళ్లలేకపోయాడు. మధ్యలో డబ్బు ఆగితే చదువు ఏమవుతుందో ఆయనకు ఒంటిమీద తెలుసు.

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఫీజు రీయింబర్సుమెంటు బి.సి. పిల్లలకు కూడా విస్తరించింది. సర్కారు కాలేజీలు కట్టి, లెక్చరర్లను వేయవలసిన డబ్బు ప్రైవేటు యాజమాన్యాల ఖాతాల్లోకి మళ్లిందని మనం విమర్శించాం. ఆ విమర్శ ఇవాళ్టికీ సరైనదే. అయినా చాకలి, గొల్ల, మాల, మాదిగ ఇళ్లలోంచి పిల్లలు ఇంజనీరింగు కాలేజీ మెట్లెక్కింది ఆ పథకం మీదే. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి. ఒకటి చెప్పి ఒకటి మింగితే జనం నమ్మరు.

ఇక దరఖాస్తు సంగతి. ఇప్పుడు అంతా ఈపాస్ అనే కంప్యూటరు పద్ధతి. పిల్లవాడు ఇంటర్నెట్టులో దరఖాస్తు పెట్టి, దాని కాగితం, సర్టిఫికెట్లు కాలేజీలో ఇవ్వాలి. ప్రిన్సిపాలు సరిచూసి సంక్షేమ శాఖకు పంపాలి. అక్కడ మంజూరై బిల్లు ట్రెజరీకి వెళ్లాలి. చెప్పడానికి నాలుగు ముక్కలు. ఆ మొదటి కాగితానికే ఎన్ని కూళ్లు పోతాయో చూడండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో ఒకరోజు. గిర్దావరు విచారణకని ఇంటి దగ్గర ఒకరోజు. తహశీలు ఆఫీసులో సంతకం కోసం ఇంకో రోజు. బ్యాంకులో ఒకరోజు. సరిగ్గా పత్తి తీతలు మొదలయ్యే రోజుల్లో ఈ తిరుగుడు. ఇంట్లో ఇద్దరూ కూలికి పోతేగాని పొయ్యి వెలగని కాలంలో నాలుగు రోజులు మానుకోవడమంటే, ఉచితం అని రాసివున్న ఫారానికి మనం కట్టే రుసుము అది. దీన్ని ఏ సర్కారూ లెక్కలో రాయదు.

పేర్ల తగాదా ఒకటి. బడిలో చేర్చిననాడు మేష్టారు రాసిన పేరు ఒకటి, రేషను కార్డులో ఇంకొకటి, ఆధార్లో మరొకటి. ఇంటిపేరు ఒకచోట పొడిఅక్షరం, ఒకచోట పూర్తిగా. మనిషికైతే తెలుస్తుంది ఇద్దరూ ఒకరేనని. మిషనుకు తెలియదు, వెనక్కి కొడుతుంది. మా అనుభవంలో తేలినదేమంటే పదో తరగతి మెమో గట్టి కాగితం, దాన్ని దిద్దించడం బ్రహ్మప్రళయం. కాబట్టి తక్కినవన్నీ దానికి సరిపెట్టుకోవాలి. ఈ పని ఇంటర్ చదువుతుండగానే చేసుకోవాలి గాని గడువు ముందురోజు కాదు.

బ్యాంకు ఖాతా ఇంకొకటి. రెండేళ్లు వెయ్యకుండా తియ్యకుండా వదిలేస్తే ఖాతా నిద్రపోతుంది. అప్పుడప్పుడు వందరూపాయలైనా వేసి తీస్తుండాలి. ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. వేరే బ్యాంకులో కొత్త ఖాతా తెరిచి ఆధార్ అక్కడ కలిపితే, సర్కారు డబ్బు ఆ కొత్త దాంట్లో పడుతుంది. పిల్లవాడు పాత పాసుబుక్కు పట్టుకుని "రాలేదు, రాలేదు" అని తిరుగుతుంటాడు.

వీటిని దాటి మొదటి ఏడు స్కాలర్‌షిప్పు తెచ్చుకున్నవాళ్లలో ఎంతోమంది రెండో ఏడు, మూడో ఏడు పోగొట్టుకుంటున్నారు. నేను గట్టిగా చెప్పదలచింది ఈ సంగతే. ఒకసారి మంజూరైంది కదా, అదే వస్తుందిలే అనుకుంటారు. అట్లా రాదు. ఏటేటా రెన్యువల్ చేయించాలి. పై తరగతికి పోవాలి. డిటైన్ అయితే ఆ ఏటి రెన్యువల్ ఆగినట్టే. హాజరు నూటికి 75 ఉండాలి. ఈ హాజరు దగ్గరే కూలి బిడ్డలు దొరికిపోతున్నారు. మా వైపు సంక్రాంతి దాటిందంటే మిరపకోతలు. డిగ్రీ చదివే పిల్లలు నెలా నెలన్నర కాలేజీ మాని కోతకు వస్తారు. సోమరితనంతో కాదు, బస్సుపాసుకు, పరీక్ష ఫీజుకు, ఇంట్లో బియ్యానికి. మా మండలంలో ఒక కుర్రవాడు అట్లాగే రెండు కోతలు కోసి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చాడు. హాజరు పడిపోయింది, ఆ ఏటి ఫీజు మంజూరు కాలేదు. తెచ్చిన కూలికి రెండింతలు కాలేజీకి బాకీ పడ్డాడు. వాళ్ల నాయన నాతో అన్నమాట – "వాడు కూలికి రాకుండా ఇంట్లో పండుకున్నా నాకు లాభమే ఉండెనన్నా."

కోర్సు మార్చడం కూడా ప్రమాదమే. ఒక డిగ్రీకి స్కాలర్‌షిప్పు తీసుకుని, పూర్తయ్యాక అదే స్థాయిలో ఇంకో డిగ్రీలో చేరితే రెండోదానికి రాదు. కన్సల్టెన్సీ అని బోర్డు కట్టుకున్న దళారులతో ఇంకా పెద్ద ప్రమాదం. ఊళ్లమీద పడి "మేం సీటు ఇప్పిస్తాం, ఫీజు సర్కారు కడుతుంది" అని సర్టిఫికెట్లు పట్టుకుపోతారు. తీరా చూస్తే అది మేనేజిమెంటు కోటా. రీయింబర్సుమెంటు కన్వీనరు కోటాలో వచ్చిన సీటుకు. చేరేముందు అలాట్‌మెంటు కాగితం చదివించుకోండి. చదివి చెప్పేవాళ్లు లేకపోతే సంఘం ఆఫీసుకు తీసుకురండి.

కన్వీనరు కోటా అయినా ఫీజంతా వస్తుందనుకోవద్దు. తెలంగాణలో ఏళ్ల తరబడి ఉన్న పద్ధతి ఏమంటే, ఇంజనీరింగులో బి.సి., ఇ.బి.సి. పిల్లలకు పదివేలలోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, ఆపైన అయితే కొన్ని మినహాయింపులు పోను 35 వేలు. కాలేజీ ఫీజు లక్ష ఉంటే తక్కిన 65 వేలు ఎవరిస్తారు? కోచింగు లేక ర్యాంకు రానివాడే కదా బీదవాడు!

ఆదాయ పరిమితి చూడండి. తెలంగాణ వచ్చాక బి.సి. పిల్లలకు పల్లెల్లో లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షలు అని గీత గీశారు. ఎస్సీ పిల్లలకు కేంద్రం గీత రెండున్నర లక్షలు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ రోజుకు 500 చొప్పున ఏడాదిలో 150 రోజులు పనికిపోతే ఎంతవుతుంది? సరిగ్గా లక్షన్నర. ఇంకో రోజు పోతే వాళ్లు ధనవంతులన్నమాట! కూలి పెంచమని మనం కొట్లాడుతుంటే, పెరిగిన కూలి చూపించి బిడ్డ చదువు కోసే గీత ఇది. కూలి పెరిగినప్పుడల్లా ఈ గీతా జరగాలని మన కోర్కెల పత్రంలో చేర్చాలి.

ఇప్పుడు అసలు రోగం, బకాయిలు. దరఖాస్తు సరిగ్గా ఉంది, హాజరు ఉంది, మంజూరైంది, ట్రెజరీలో టోకెను కూడా పడింది. టోకెను పడితే డబ్బు పడినట్టు కాదు. అది క్యూలో నిలబడినట్టు. ఆ క్యూ ఎప్పుడు కదులుతుందో చెప్పే నాథుడు లేడు. తెలంగాణలో 2025 నవంబరులో ప్రైవేటు యాజమాన్యాలే బకాయిల కోసం కాలేజీలు మూసి బందు పెట్టాయి. సర్కారు చర్చలకు పిలిచి కొంత విడుదల చేస్తామంది, కాలేజీలు తెరిచారు. యాజమాన్యానికి గేటు మూసే బలం ఉంది, చర్చలకు పిలుపు వచ్చింది. కోర్సు పూర్తయి ఇంటికొచ్చిన పిల్లకు ఏ బలం ఉంది? ఆమె టి.సి., మెమోలు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఉద్యోగానికి పిలుపొస్తే చూపించడానికి కాగితం లేదు, పై చదువు కౌన్సెలింగుకు పోవడానికి లేదు. సర్కారు బాకీకి ఆడపిల్ల కాగితాలు తాకట్టు! పూర్వం పాలేరుతనానికి మనిషినే తాకట్టు పెట్టుకునేవాళ్లు.

మాది రెండు రాష్ట్రాల సరిహద్దు. ఇటు మధిర, అటు తిరువూరు. వియ్యాలూ కోతలూ అటూ ఇటూ. కాబట్టి అటు సంగతీ తెలుస్తుంది. అక్కడ ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారింది, డబ్బు నడిచే దారి మారింది. విద్యాదీవెన అని పేరుపెట్టి 2021 నుంచి తల్లుల ఖాతాల్లో వేశారు, తల్లి తీసుకెళ్లి కాలేజీలో కట్టాలి. కలుపు తీసి, మిరపకాయ కోసి అరిగిన వేళ్లకు బ్యాంకు మిషను మీద ముద్ర పడదు. ఒక్కోసారి డబ్బు పడిననాడే అప్పులవాడు వాకిట్లో ఉంటాడు. తర్వాత 2023లో తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతా అన్నారు. 2024లో కొత్త ప్రభుత్వం వచ్చి మళ్లీ పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పు అనే పాత పేరే పెట్టి, ఫీజు నేరుగా కాలేజీలకే అంది. దారి మారిన ప్రతిసారీ మధ్యలో ఉన్న వాయిదాలు ఎవరికీ చెందని బాకీలై పిల్లల పేరుమీద నిలిచిపోతాయి. పోయిన సర్కారు బాకీ మాది కాదని వచ్చిన సర్కారు అంటే, కాలేజీ ఊరుకోదు కదా.

కేంద్రం కూడా తక్కువ తినలేదు. ఎస్సీ స్కాలర్‌షిప్పుల్లో తన వాటా తగ్గించుకుంటూ వచ్చి, గోల పుట్టాక 2020 డిసెంబరులో 60 శాతం తనది, 40 శాతం రాష్ట్రాలది అని ఒప్పుకుంది. అయిదేళ్లకు మొత్తం 59,048 కోట్ల పథకమని మంత్రివర్గం ప్రకటించింది. ప్రకటన ఘనంగానే ఉంది. వేళకు ఖాతాలో పడ్డదెంత అన్నదే లెక్క.

హాస్టలు సంగతి రెండు ముక్కలు. తెలంగాణలో కాలేజీ హాస్టలు పిల్లలకు మెస్ చార్జీ నెలకు 1,500 ఉండేది, 2024లో 2,100 చేశారు. అది పోరాటాల ఫలితమే. అయినా రోజుకు 70 రూపాయలు. మూడుపూటలా తిండి అందులోనే.

మనం ఏం చేయాలి? జాబుకార్డుల కోసం, మస్టర్ల కోసం కొట్లాడి మనవాళ్లు కాగితం చదవడం నేర్చారు. అదే చదువు ఇక్కడా పనికొస్తుంది. ప్రతి గ్రామశాఖా కాలేజీ పిల్లల పేర్లతో ఒక పుస్తకం పెట్టాలి. ఎవరు ఏ కాలేజీ, ఏ ఏడు, దరఖాస్తు నంబరెంత, రెన్యువల్ అయిందా, ఏ ఏటి డబ్బు రాలేదు – ఇవన్నీ రాసుకోవాలి. నోటిఫికేషను పడగానే టముకు వేయించాలి. ఆదాయం సర్టిఫికెట్ల కోసం విడివిడిగా తిరక్కుండా పేటంతా ఒకేరోజు తహశీలుకు పోతే నాలుగు రోజుల పని ఒకరోజులో అవుతుంది. మేం రెండు ఊళ్లలో చేసి చూశాం, అయింది. కోతల కాలంలో పిల్లల్ని ముఠాలోకి రానివ్వొద్దని మేస్త్రీలతో ముందే మాట్లాడాలి. సెలవురోజుల్లో అయితే వేరు.

కాలేజీ డబ్బు అడిగిన ప్రతిసారీ రసీదు అడగాలి. "రసీదు తర్వాత ఇస్తాం, పైన సర్కారు డబ్బు వచ్చాక తిరిగిస్తాం" అంటారు. తిరిగిచ్చినవాళ్లను చాలా తక్కువ చూశాను. రసీదు ఉంటేనే అడగడానికి నోరు ఉంటుంది.

సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటే భయపడవద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోరాదని యు.జి.సి. 2018లోనే నోటిఫికేషను ఇచ్చింది. నోటిమాటతో బతిమాలితే లాభం లేదు, అర్జీ రాయాలి. ఫలానా కోర్సు పూర్తి చేశాను, నా ఫీజు ప్రభుత్వం మంజూరు చేసింది, దరఖాస్తు నంబరు ఇది, నా టి.సి., మెమోలు ఇప్పించండి అని రెండు ప్రతులు. ఒకటి ఇచ్చి రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ముద్ర వెయ్యనంటే అదే అర్జీ స్పీడుపోస్టులో పంపి రసీదు దాచాలి. నకళ్లు జిల్లా సంక్షేమాధికారికి, యూనివర్సిటీ రిజిస్ట్రారుకు. అక్కడ నుంచీ ఉలుకు లేకపోతే సమాచార హక్కు కింద ఆ పిల్ల ఫీజు బిల్లు ఏ తేదీన ట్రెజరీకి వెళ్లింది, ఇప్పుడెక్కడుంది అని అడగాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి, దారిద్ర్యరేఖ దిగువ కుటుంబమైతే రుసుము కూడా లేదు. ఒక్క పిల్లను పంపితే గుమాస్తా గేటు దగ్గరే తిప్పి పంపుతాడు. అదే కాలేజీలో ఆగిపోయినవాళ్లు పదిమందిని పోగుచేసి, విద్యార్థి సంఘంవాళ్లనూ కలుపుకుని వెళ్లండి. కౌన్సెలింగులు మొదలయ్యాక కాదు, పరీక్షల ఫలితాలు వచ్చిన వారంలోనే.