ఒక్క ప్రశ్నకు రెండు సరియైన జవాబులు

కొంతకాలము క్రిందట మా కార్యాలయమునకు ఒకే వారమున రెండు ఉత్తరములు వచ్చినవి. రెండింటిలోను ఒకే దినపత్రిక నుండి కత్తిరించిన ఒకే సుడోకు పట్టిక కలదు. ఒక ఉత్తరము పల్లెటూర నివసించు ఒక విశ్రాంత ఉపాధ్యాయునిది. రెండవది పట్టణమున చదువుకొనుచున్న ఒక విద్యార్థినిది. ఇద్దరును గళ్ళన్నియు నింపియుండిరి. 77 గళ్ళలో ఇరువురి అంకెలును ఒక్కటియే. తక్కిన నాలుగు గళ్ళలో మాత్రము భేదము కలదు. మరునాటి పత్రికలో వెలువడిన జవాబు విద్యార్థిని నింపినదానితో సరిపోయినది. ఉపాధ్యాయులవారు తాము ముమ్మారు సరిచూచుకొన్నను తప్పు కానరాలేదనియు, మందగించినది కన్నో బుద్ధియో తెలియకున్నదనియు, ఇకమీదట ఈ పట్టికల జోలికి పోదలచుకొనలేదనియు వ్రాసిరి.

మేము రెండు పట్టికలను ప్రక్కప్రక్కన ఉంచి వరుస వరుసయు పరీక్షించితిమి. విద్యార్థిని పట్టికలో తప్పు లేదు. ఉపాధ్యాయుని పట్టికలోను తప్పు లేదు. తప్పు ప్రశ్నలోనే ఉన్నది. అట్టి తప్పు ఎట్లు కలుగును, దానిని కనుగొనుట ఎట్లు అను విషయములను శ్రోతలకు వివరింపవలెనని ఈ ప్రసంగమును సిద్ధపరచితిమి.

సుడోకు నియమములు తెలియనివారికై ముందుగా రెండు మాటలు. అడ్డముగా తొమ్మిది, నిలువుగా తొమ్మిది, మొత్తము 81 గళ్ళు గల చదరపు పట్టిక ఇది. దీనిలో మరల మూడు గళ్ళ పొడవు, మూడు గళ్ళ వెడల్పు గల చిన్న చదరములు తొమ్మిది ఉండును. ప్రతి అడ్డువరుసలోను, ప్రతి నిలువువరుసలోను, ప్రతి చిన్న చదరములోను 1 మొదలు 9 వరకు గల అంకెలు ఒక్కొక్కటి ఒక్కసారి మాత్రమే రావలెను. కొన్ని గళ్ళలో అంకెలు ముందుగనే ముద్రింపబడి యుండును; మిగిలినవానిని మనము నింపవలెను. ఇందు కూడికలు లేవు, తీసివేతలు లేవు. అంకెలకు బదులు తొమ్మిది అక్షరములు వాడినను ఆట మారదు.

ఈ ఆట 1979లో అమెరికాలో 'నంబర్ ప్లేస్' అను పేరుతో డెల్ సంస్థవారి ప్రహేళికల పత్రికలో తొలుత వెలువడినది. ఇండియానా రాష్ట్రమునకు చెందిన హోవర్డ్ గార్న్స్ అను విశ్రాంత వాస్తుశిల్పి దీని కర్తయని భావింపబడుచున్నది. 1984లో జపానుదేశపు నికోలి సంస్థ దీనిని చేపట్టి, అంకెలు ఒంటరిగనే ఉండవలెను అను అర్థము గల ఒక పొడవైన వాక్యమును పేరుగా పెట్టెను. ఆ వాక్యమునకు సంక్షేపరూపమే సుడోకు. హాంగ్‌కాంగులో న్యాయమూర్తిగా పనిచేసి విరమించిన వేన్ గూల్డ్ 1997లో టోకియోలోని ఒక పుస్తకశాలలో దీనిని చూచి, అట్టి పట్టికలను తయారుచేయు కంప్యూటరు ప్రోగ్రామును ఆరేండ్లపాటు శ్రమించి రూపొందించెను. 2004 నవంబరులో లండను టైమ్స్ పత్రిక అతని పట్టికలను ప్రచురింప నారంభించెను. అటుపిమ్మట ఇది దేశదేశముల దినపత్రికలలో ప్రవేశించినది. తెలుగు దినపత్రికలలోను దీనికి చోటు దొరకినది.

పైన చెప్పిన నియమములతోపాటు మరియొక షరతు కలదు. పట్టికల క్రింద దానిని సామాన్యముగా ముద్రింపరు గాని, అందరును దానిని నమ్మియే కలము చేతబట్టుదురు. ప్రశ్నకు జవాబు ఒక్కటియే ఉండవలెను అనునది ఆ షరతు. ఈ భారము పూరించువానిది కాదు, ప్రశ్నను కూర్చినవానిది.

ఆ భారము తేలికయైనది కాదు. నియమముల ననుసరించి 81 గళ్ళను నింపుటకు ఎన్ని విధములు కలవో 2005లో ఫెల్గెన్‌హావర్, జార్విస్ అను ఇద్దరు గణితజ్ఞులు లెక్కించిరి. ఆ సంఖ్యలో 22 అంకెలు ఉన్నవి. త్రిప్పుట, వరుసలు మార్చుట, అంకెల పేర్లు మార్చుట వంటి మార్పులచేత ఒకటి మరియొకటిగా మారు పట్టికలను ఒక్కటిగనే ఎంచినను, 547 కోట్లకు పైబడిన భిన్న పట్టికలు మిగులునని మరుసటి యేడు తేలినది. ముద్రించిన కొద్దిపాటి అంకెలు ఇంతటి రాశిలో ఒక్కదానిని మాత్రము నిలిపి తక్కినవానినెల్ల తొలగింపవలెను. ఒక్క అంకె జారిపోయినచో తలుపు తెరచికొని రెండవ జవాబు లోనికి రాగలదు.

ఉపాధ్యాయుని పట్టికలో జరిగినది ఇదియే. శ్రోతలు ఒక కాగితము తీసికొని గీచి చూచినచో విషయము స్పష్టమగును. మొదటి అడ్డువరుసలో మొదటి గడిలో 3, నాలుగవ గడిలో 8 ఉన్నవనుకొందము. రెండవ అడ్డువరుసలో మొదటి గడిలో 8, నాలుగవ గడిలో 3 ఉన్నవనుకొందము. ఇప్పుడు ఈ నాలుగు గళ్ళలోను 3 ఉన్నచోట 8ని, 8 ఉన్నచోట 3ను వేయుడు. మొదటి వరుసలో ఒక 3, ఒక 8 ముందును ఉండెను, ఇప్పుడును ఉన్నవి. రెండవ వరుసయు అంతే. రెండు నిలువువరుసలును అంతే. ఆ గళ్ళు రెండేసి చొప్పున రెండు చిన్న చదరములలో ఉన్నవి గనుక ఆ చదరములకును లోటు లేదు. ఏ నియమమును చెడలేదు. జవాబు మాత్రము మారినది.

కావున ఈ నాలుగు గళ్ళలో ఒక్కదానిలోనైనను అంకెను ముద్రించి తీరవలెను. ముద్రింపనిచో తక్కిన 77 గళ్ళను నింపి యిచ్చినను ప్రశ్న సందిగ్ధముగనే ఉండును. ఎక్కువ అంకెలు ఇచ్చిన పట్టిక నిర్దుష్టమని తలచుట పొరపాటని దీనివలన తెలియుచున్నది. ఎన్ని అంకెలు ఇచ్చిరి అనుదానికంటె ఎచ్చట ఇచ్చిరి అనునది ముఖ్యము. అయితే ఆ నాలుగు గళ్ళు రెండు చదరములలో గాక నాలుగు వేర్వేరు చదరములలో ఉన్నచో ఇట్టి మార్పు సాగదు. చదరముల నియమము దానిని అడ్డగించును.

మరి కనీసము ఎన్ని అంకెలు ఇయ్యవలెను? పదునేడు అంకెలతో ఒక్కటే జవాబు గల పట్టికలు చాలకాలము క్రిందటనే లభించినవి. పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయమునకు చెందిన గోర్డన్ రాయిల్ అట్టివానిని దాదాపు 49,000 సేకరించెను. పదునారు అంకెలతో ఒక్కటియు దొరకలేదు. దొరకకపోవుట వేరు, లేదని నిరూపించుట వేరు. డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలో గారీ మెక్‌గ్వైర్ బృందము పెద్ద కంప్యూటర్లతో ఆ 547 కోట్ల పట్టికలను శోధించి, పదునారు అంకెల ప్రశ్న దేనికిని ఒకే జవాబు ఉండదని 2012 జనవరిలో ప్రకటించినది. పైన చెప్పిన నాలుగు గళ్ళ గుంపువంటి గుంపులు ప్రతి పట్టికలోను పెక్కు ఉండును. ప్రతి గుంపునుండియు ఒక్క అంకెయైనను ప్రశ్నలో ఉండవలెనను సూత్రమే ఆ శోధనకు ఆధారము.

ఈ పొరపాటు చిన్నవారికే గాక పెద్దవారికిని జరిగినది. 2005లో ఇంగ్లండులో స్కై వన్ అను టెలివిజన్ సంస్థ తన సుడోకు కార్యక్రమమునకు ప్రచారముగా, బ్రిస్టలు నగర సమీపమున చిప్పింగ్ సాడ్‌బరీ కడ, కొండవాలుమీద 275 అడుగుల చదరపు పట్టికను చెక్కించినది. రహదారిపై పోవువారికి అది దూరమునుండియే కనబడుచుండెను. దానికి 1905 జవాబులు కలవని తరువాత తేలినది. ప్రసారవృత్తిలో ఉన్న మేము ఆ ముచ్చట విని నవ్వితిమి గాని, మా నవ్వు ఎక్కువసేపు నిలువలేదు. గడియారము చూచుకొనుచు కార్యక్రమములను సిద్ధపరచువారికి రెండవసారి సరిచూచు తీరిక ఎంత అరుదో మాకు తెలియును.

ఇక పూరించువాని మాట. దారి మూసికొనిపోయినప్పుడు చాలమంది ఒక గడిలో 3 వేసి చూతురు. పట్టిక పూర్తియైనచో సంతసించి లేచిపోవుదురు. కాని 8 వేసినచో ఏమగునో వారు చూడలేదు. జవాబును కనుగొనుట ఒక పని. వేరొక జవాబు లేదని తేల్చుట మరియొక పని. రెండవది చేయనివానికి ప్రశ్నలోని దోషము ఎన్నడును కనబడదు. ఆరితేరినవారికి వేరొక అపాయము కలదు. జవాబు ఒక్కటేయను నమ్మకముతో, రెండు జవాబులకు దారితీయు అంకెలను వారు ముందుగనే కొట్టివేయుదురు. ప్రశ్న మంచిదైనచో ఈ ఉపాయము ఫలించును. చెడ్డదైనచో సరియైన అంకెయే కొట్టివేయబడును.

కొన్ని దోషములను కలము పట్టకమునుపే కనిపెట్టవచ్చును. ఇచ్చిన అంకెలను లెక్కింపుడు. పదునేడుకంటె తక్కువయైనచో ప్రశ్న సందిగ్ధము. తొమ్మిది అంకెలలో రెండు ఎచ్చటను ముద్రింపబడనిచో సందిగ్ధము. ఆ రెండింటిని పట్టికయంతట తారుమారు చేయవచ్చును. ఒకే మూడు చదరములలోనుండి సాగు మూడు అడ్డువరుసలలో రెండు పూర్తిగా ఖాళీగా ఉన్నచో సందిగ్ధము. ఆ వరుసలను ఒకదాని స్థానమున మరియొకటి ఉంచవచ్చును. నిలువువరుసలకును ఇదియే వర్తించును. ఈ పరీక్షలలో నెగ్గిన పట్టికలన్నియు మంచివని చెప్పజాలము గాని, ఓడినవి మాత్రము నిశ్చయముగ చెడ్డవి.

వినోదమునకు కూర్చిన ఆటను గూర్చి ఇంత విచారమేల అని కొందరు అడుగవచ్చును. మన దేశమున ఒకప్పుడు పదబంధ ప్రహేళికల పోటీలు విరివిగా సాగినవి. 'క్షణకాలము నిలిచి చెదరిపోవునది' అను ఆధారమునకు 'అల' అనియు వ్రాయవచ్చును, 'కల' అనియు వ్రాయవచ్చును. భాషాజ్ఞానము ఎంత ఉన్నను, కూర్చినవాని మనసులోని మాటను ఊహించినవానికే బహుమానము. ఇట్టి పోటీలను అదుపులో పెట్టుటకు 1955లో పార్లమెంటు ఒక చట్టముచేసి, నెలకు వేయి రూపాయలకు మించిన బహుమానములను నిషేధించినది. 1957లో సుప్రీంకోర్టు దానిని పరిశీలించి, విజయము చెప్పుకోదగినంతగా నైపుణ్యముపై ఆధారపడిన పోటీలకు ఆ చట్టము వర్తింపదని తీర్పు చెప్పినది. నైపుణ్యమునకును జూదమునకును మధ్య గీత అచ్చట గీయబడినది. రెండు జవాబులు గల సుడోకు 77 గళ్ళవరకు నైపుణ్యము. కడపటి నాలుగు గళ్ళలో బొమ్మా బొరుసా. ఇంటిల్లిపాది సరదాకు పూరించు పట్టికలో ఇందువలన పోవు రూకలు లేవు. కాని ఒక పెద్దమనిషి తన బుద్ధిమీద తనకుగల నమ్మకమును పోగొట్టుకొన్నాడు.

కావున ప్రశ్నలు కూర్చువారికి మా మనవి ఒక్కటే. జవాబు దొరకినతోడనే ఆగక, రెండవ జవాబు కొరకు వెదకుడు. అది లేదని తెలిసినతరువాతనే అచ్చుకు పంపుడు. దోషము తరువాత బయటపడినచో నియమములకు లోబడిన జవాబు లన్నింటిని అంగీకరించి, ఆ మాటను అచ్చువేయుడు. తీర్పరి నియమము గాని ముద్రించిన జవాబు కాదు.

ఉపాధ్యాయులవారికి మేము రెండు పట్టికలను పంపి, ఆ నాలుగు గళ్ళను ఎఱ్ఱసిరాతో చుట్టి, మీ జవాబు సరియైనదే అని వ్రాసితిమి. పది దినములకు ఒక కవరు వచ్చినది. అందు వేరొక పత్రికలోని క్రొత్త పట్టిక కలదు. గళ్ళన్నియు పొందికైన దస్తూరితో నింపియున్నవి. అడుగున ఒక్క వాక్యము వ్రాసియున్నది: "రెండవ జవాబు లేదని చూచితిని."