పాత్ర చేసిన పని, కథ తీసుకున్న వైఖరి: థాయ్ ‘బాయ్స్ లవ్’ సిరీస్‌లపై ప్రేక్షకుల అభిప్రాయాలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• థాయ్‌లాండ్‌లో ‘వై’ సిరీస్‌లు రూపుదిద్దుకున్న క్రమాన్ని క్లుప్తంగా చెప్పగలుగుతారు.
• పాత్ర ప్రవర్తనపై అభిప్రాయానికీ, కథనంపై అభిప్రాయానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• ఒక ప్రేక్షక అభిప్రాయాన్ని కథలోని ఆధారాలతో పరీక్షించగలుగుతారు.

7.1 ప్రవేశిక

ఏ కథ చూసినా ప్రేక్షకుడు మొదట మాట్లాడేది పాత్రల గురించే. ‘అతను అలా చేసి ఉండకూడదు’, ‘ఆమెకు అన్యాయం జరిగింది’, ‘చివర్లో కథ పాడైపోయింది’ వంటి మాటలు మనందరం అంటూనే ఉంటాం. వీటిని కేవలం ఇష్టాయిష్టాలుగా కొట్టివేయడం సరికాదు. ప్రతి అభిప్రాయం వెనుక ఒక కొలమానం ఉంటుంది. ఆ కొలమానం ఏమిటో బయటకు తీసి చూపినప్పుడు అభిప్రాయం విమర్శ అవుతుంది.

ఈ విషయాన్ని అధ్యయనం చేయడానికి ఇద్దరు యువకుల మధ్య ప్రేమను చిత్రించే థాయ్ సిరీస్‌లను ఉదాహరణగా తీసుకుందాం. వీటిని ఎంచుకోవడానికి కారణం ఉంది. వీటి ప్రేక్షకులలో ప్రేమకథ కోసం చూసేవారు ఉన్నారు. తమ జీవితం తెరపై ఎలా కనిపిస్తున్నదో తెలుసుకోవడానికి చూసే స్వలింగ ప్రేమికులూ ఉన్నారు. ఒకే సన్నివేశాన్ని ఈ రెండు వర్గాలు వేరువేరు కొలమానాలతో చూడవచ్చు. అందువల్ల అభిప్రాయభేదాలు ఇక్కడ స్పష్టంగా బయటపడతాయి.

7.2 నేపథ్యం

‘బాయ్స్ లవ్’ అనే కథా ప్రక్రియకు మూలం జపాన్. 1970లలో బాలికల కోసం వెలువడిన బొమ్మల కథలలో, ముఖ్యంగా రచయిత్రుల చేతుల్లో, యువకుల మధ్య ప్రేమ ఒక ఇతివృత్తంగా స్థిరపడింది. ఈ కథలు 1990లలో అనువాదాల ద్వారా థాయ్‌లాండ్‌కు చేరాయి. తరువాత థాయ్ యువత ఇంటర్నెట్‌లో సొంతంగా నవలలు రాయడం మొదలుపెట్టింది. ఈ కథలకు జపాన్‌లో వాడే ‘యావోయ్’ అనే మాటలోని మొదటి ఇంగ్లిష్ అక్షరాన్ని తీసుకుని, థాయ్ ప్రేక్షకులు వీటిని ‘వై’ సిరీస్‌లు అంటారు.

2007లో వచ్చిన ‘లవ్ ఆఫ్ సయామ్’ చలనచిత్రం ఇద్దరు బాలుర మధ్య ప్రేమను ఒక కుటుంబ కథలో భాగంగా చెప్పి విస్తృత చర్చకు దారితీసింది. టెలివిజన్‌లో 2014 నాటి ‘లవ్ సిక్’ ఈ ప్రక్రియకు బాట వేసింది. 2016లో ‘సోటస్’ దానిని స్థిరపరిచింది. 2020లో, కోవిడ్ కారణంగా జనం ఇళ్లకే పరిమితమైన కాలంలో, ‘టూగెదర్’ అనేక దేశాల ప్రేక్షకులకు చేరింది. వీటిలో చాలా సిరీస్‌లకు మూలం ఇంటర్నెట్ నవలలే.

7.3 పాత్రలపై వినిపించే ప్రధాన అభిప్రాయాలు

7.3.1 నాయకుడు, ‘నాయిక స్థానంలోని నాయకుడు’

థాయ్ భాషలో కథానాయకుణ్ణి ‘ఫ్ర-ఎక్’ అనీ, కథానాయికను ‘నాంగ్-ఎక్’ అనీ అంటారు. ఈ పదాలలోని ‘ఎక్’ సంస్కృతంలోని ‘ఏక’ శబ్దం నుంచి వచ్చినదే. ‘వై’ సిరీస్‌లలో నాయిక ఉండదు కనుక, ఆ స్థానంలో ఉండే యువకుడి కోసం ‘నాయ్-ఎక్’ అనే కొత్త పదం పుట్టింది. అంటే ఇద్దరు పురుషులున్న కథలో కూడా ఒకరు వెంటపడేవారు, మరొకరు సిగ్గుపడేవారు అన్న పాత అచ్చు కొనసాగుతున్నదని ఆ పదమే చెబుతున్నది.

‘సోటస్’ ఇంజనీరింగ్ కళాశాలలో సీనియర్లు జూనియర్లను అదుపులో పెట్టే పద్ధతి చుట్టూ నడిచే కథ. సీనియర్ల నాయకుడు ఆర్తిత్ తనను అందరి ముందు సవాలు చేసినప్పుడు, మొదటి సంవత్సరం విద్యార్థి కాంగ్‌పోబ్ ‘నిన్ను నా భార్యగా చేసుకుంటాను’ అన్న అర్థం వచ్చే జవాబు ఇస్తాడు. కొందరు దీనిని అధికారాన్ని ఎదిరించిన చమత్కారంగా చూశారు. మరికొందరు వేరే ప్రశ్న వేశారు: ఒక పురుషుణ్ణి తగ్గించడానికి ‘భార్య’ అన్న మాట చాలు అంటే, భార్య స్థానం తక్కువదని కథ ఒప్పుకున్నట్లే కదా? రెండు అభిప్రాయాలకూ కథలో ఆధారం ఉంది. మొదటిది పాత్ర తెగువను చూస్తున్నది. రెండవది ఆ తెగువకు వాడిన భాషను చూస్తున్నది.

7.3.2 ‘నేను అలాంటివాణ్ణి కాను, నిన్ను మాత్రమే ప్రేమిస్తున్నాను’

చాలా సిరీస్‌లలో నాయకుడు తాను స్వలింగ ప్రేమికుణ్ణి కాననీ, ఈ ఒక్క వ్యక్తి విషయంలోనే ప్రేమ కలిగిందనీ చెబుతాడు. ప్రేమ ఎంత గొప్పదో చెప్పడానికి ఇది ఉపయోగపడుతుందని ఒక వాదం. ‘గే’ అన్న మాటను తప్పించుకోవలసిన మచ్చగా చూపుతున్నదని మరో వాదం. ‘టూగెదర్’లో టైన్ అనే విద్యార్థి, తన వెంటపడుతున్న గ్రీన్ అనే యువకుణ్ణి వదిలించుకోవడానికి, సారావత్‌ను తన ప్రేమికుడిగా నటించమని కోరతాడు. నాయకుల ప్రేమను ఎంతో మృదువుగా చూపిన సిరీస్, బాహాటంగా స్వలింగ ప్రేమికుడైన గ్రీన్‌ను మాత్రం మొదటి భాగాలలో నవ్వు పుట్టించడానికి వాడుకుంది. ఎవరి ప్రేమకు గౌరవం, ఎవరి ప్రేమకు నవ్వు అన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది.

7.3.3 స్త్రీ పాత్రలు

తొలి సిరీస్‌లలో స్త్రీ పాత్ర తరచుగా అసూయపడే అడ్డంకిగా వస్తుందన్నది ప్రేక్షకులలో తరచుగా వినిపించే ఫిర్యాదు. 2021–22లో వచ్చిన ‘బ్యాడ్ బడ్డీ’ ఈ అలవాటును తెలిసి తిప్పికొట్టింది. అందులో ఇంక్ అనే యువతి ప్రవేశించగానే ఆమె నాయకుల మధ్యకు వస్తుందని ప్రేక్షకుడు ఊహిస్తాడు. కాని ఆమె చివరికి నాయకుని చెల్లెలు పాను ప్రేమిస్తుంది. పాత అచ్చును గుర్తుపట్టగల ప్రేక్షకుడికే ఈ మలుపు పూర్తి రుచి ఇస్తుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
‘నాయ్-ఎక్’ అన్న పదం ‘వై’ సిరీస్‌ల పాత్రచిత్రణ గురించి ఏమి తెలియజేస్తుంది? ఐదు వాక్యాలలో రాయండి.

7.4 కథనంపై అభిప్రాయాలు

7.4.1 సమ్మతి ప్రశ్న

2019 నాటి ‘థార్న్‌టైప్’ ఈ చర్చకు ముఖ్యమైన ఉదాహరణ. టైప్ అనే విద్యార్థి చిన్నతనంలో ఒక పురుషుడి చేతిలో లైంగిక హింసకు గురయ్యాడు. అందువల్ల అతనికి స్వలింగ ప్రేమికులంటే ద్వేషం. హాస్టల్ గదిలో తనతో ఉండే థార్న్ స్వలింగ ప్రేమికుడని తెలిసి అతన్ని వెళ్లగొట్టడానికి ప్రయత్నిస్తాడు. టైప్ మద్యం మత్తులో నిద్రపోతున్నప్పుడు థార్న్ అతని సమ్మతి లేకుండా అతన్ని తాకుతాడు. తరువాత వారిద్దరి మధ్య ప్రేమ పుడుతుంది.

ఈ సిరీస్‌ను ఇష్టపడినవారు, గాయపడిన మనిషి క్రమంగా మారడాన్ని ఇది నిజాయితీగా చూపిందంటారు. వ్యతిరేకించినవారు, బాల్యంలో హింసకు గురైన పాత్రను మళ్లీ అతని సమ్మతి లేకుండా తాకడాన్ని ప్రేమకు తొలి మెట్టుగా చూపడం క్షమించరానిదంటారు. వెంటపడి, విసిగించి, చివరికి ప్రేమను ‘సాధించే’ నాయకుడు మన తెలుగు సినిమాలకూ కొత్తవాడు కాదు. కనుక ఈ వాదన మనకు దూరమైనది కాదు.

ఇక్కడ ఒక భేదాన్ని గట్టిగా పట్టుకోవాలి. పాత్ర తప్పు చేయడం వేరు. ఆ తప్పును కథ తప్పుగా గుర్తించకపోవడం వేరు. మంచివాళ్లు మాత్రమే ఉండే కథ సాహిత్యానికి అవసరం లేదు. ద్వేషం, పిరికితనం, హింస కథలో ఉండవచ్చు. వాటిపట్ల కథ తీసుకున్న వైఖరే మన పరిశీలనాంశం. ఆ వైఖరిని తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు ఉపయోగపడతాయి:

(అ) ఆ సన్నివేశాన్ని ఎవరి వైపు నుంచి చూపారు? బాధపడినవాడి ముఖాన్ని చూశామా, లేక మృదువైన సంగీతం అతని బాధను కప్పివేసిందా?
(ఆ) ఆ తరువాత ఏమి జరిగింది? తప్పు చేసిన పాత్ర దానిని ఎదుర్కొన్నదా, లేక కథ దానిని మరచిపోయిందా?
(ఇ) బాధపడిన పాత్రకు తన మాట చెప్పుకునే అవకాశం దొరికిందా?

7.4.2 మూడు ప్రశ్నల అన్వయం

2020లో వచ్చిన ‘ఐ టోల్డ్ సన్‌సెట్ అబౌట్ యు’ను ఈ ప్రశ్నలతో చూద్దాం. ఫుకెట్ నేపథ్యంలో ఐదు భాగాలుగా సాగే ఈ కథలో తేహ్, ఓ-ఏవ్ బాల్యమిత్రులు. విడిపోయి, విశ్వవిద్యాలయ ప్రవేశానికి చైనా భాష నేర్చుకునే సందర్భంలో మళ్లీ కలుస్తారు. తేహ్ తన మనసును తానే అర్థం చేసుకోలేక ఓ-ఏవ్‌ను దగ్గరకు తీసుకుంటాడు, వెంటనే దూరంగా నెడతాడు. ‘తేహ్‌ను భరించలేకపోయాను’ అన్న ప్రేక్షకులు ఉన్నారు. పాత్రపై ఆ అభిప్రాయం న్యాయమైనదే. అయితే కథ ఓ-ఏవ్ గాయాన్ని దాచదు. అతను ఒంటరిగా తన శరీరాన్ని అద్దంలో చూసుకుంటూ, తాను ఆడపిల్లనై ఉంటే తేహ్ ప్రేమించేవాడా అని మథనపడే సన్నివేశానికి తగిన సమయం ఇస్తుంది. తేహ్ భయం వల్ల నష్టపోయినది ఎవరో మనం చూస్తాం. అందువల్ల పాత్ర నచ్చకపోయినా కథనం బలమైనదని చెప్పడంలో వైరుధ్యం లేదు.

ఇవే ప్రశ్నలతో ‘థార్న్‌టైప్’ను చూస్తే ఫలితం మిశ్రమంగా ఉంటుంది. టైప్ బాల్యంలోని హింసను కథ మరచిపోదు, అతని భయానికి మాట ఇస్తుంది. కాని థార్న్ చేసిన పనికి అదే బరువు ఇవ్వదు. ఒకే కథ ఒక హింసను గుర్తించి మరొకదానిని తేలికగా తీసుకున్నదని చెప్పడం, మొత్తం సిరీస్‌ను మెచ్చుకోవడం కన్నా, తిట్టడం కన్నా కచ్చితమైన అభిప్రాయం.

7.4.3 ముగింపులపై భేదాలు

‘బ్యాడ్ బడ్డీ’లో పాట్, ప్రాన్ పక్కపక్క ఇళ్లవారు. రెండు కుటుంబాలకూ పాత పగ. వీరు చివరికి విడిపోయినట్లు నటిస్తూ, తల్లిదండ్రులకు చెప్పకుండా తమ ప్రేమను నిలుపుకుంటారు. కొందరు దీనిని రాజీగా భావించి నిరుత్సాహపడ్డారు. ఇంట్లో పెద్దలు మారరని తెలిసి, వారిని తెంచుకోలేక, ప్రేమనూ వదులుకోలేక బతికే ఎందరి జీవితమో ఇదేనని మరికొందరు దీనిని మెచ్చుకున్నారు. ‘ముగింపు బాగాలేదు’ అన్నప్పుడు మనం కోరినది పాత్రల సుఖమా, కథ చూపవలసిన నిజమా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

7.5 కథ, వాస్తవ జీవితం

తెరపై స్వలింగ ప్రేమ ఎంత ప్రాచుర్యం పొందినా, అది చట్టపరమైన సమానత్వానికి సమానం కాదు. ఎన్నో సిరీస్‌లు వచ్చిన కాలంలోనూ థాయ్‌లాండ్‌లో స్వలింగ జంటలకు వివాహ హక్కు లేదు. వివాహ సమానత్వ చట్టాన్ని సెనేట్ 2024 జూన్‌లో ఆమోదించింది. అది 2025 జనవరి 23 నుంచి అమలులోకి వచ్చింది. ఆగ్నేయాసియాలో ఇటువంటి చట్టం తెచ్చిన మొదటి దేశం థాయ్‌లాండ్. ఆ కాలంలో ప్రేక్షకులు ‘పాత్రలు తమ హక్కుల గురించి ఎందుకు మాట్లాడరు?’ అని అడగడం సహజం. 2021–22 నాటి ‘నాట్ మి’ వంటి సిరీస్‌లు ప్రేమకథలోకి నిరసన ఉద్యమాలను తెచ్చాయి.

మరో హద్దును కూడా గుర్తుంచుకోవాలి. తెరపై జంటగా నటించి, నిజజీవితంలోనూ జంటగా ఊహించబడేవారిని థాయ్ ప్రేక్షకులు ‘ఖూ-జిన్’ అంటారు. నిర్మాణ సంస్థలు ఆ జంటలను ప్రకటనలలో, అభిమానుల సభలలో కలిపి చూపుతాయి. ఈ ఊహ ఆటగా ఉన్నంతవరకు సమస్య లేదు. నటుడి వ్యక్తిగత జీవితంపై అభిమాని హక్కు కోరడం మొదలైతే, అది పాత్రపై అభిప్రాయం కాదు; ఒక మనిషి స్వేచ్ఛలో జోక్యం. తెరపై సమ్మతి గురించి వాదించే ప్రేక్షకుడు తెర వెనుక మనిషి సమ్మతినీ గౌరవించాలి.

7.6 అభిప్రాయాన్ని విమర్శగా రాయడం

‘టైప్ చెడ్డ పాత్ర, సిరీస్ చూడవద్దు’ అన్న వాక్యంలో తీర్పు ఉంది కాని ఆధారం లేదు. దానిని ఇలా మార్చవచ్చు: ‘టైప్ ద్వేషానికి కథ కారణం చూపింది. కారణం చూపడం సమర్థించడం కాదు. అయితే థార్న్ అతన్ని సమ్మతి లేకుండా తాకిన సంఘటనకు తరువాతి కథలో తగిన ప్రాధాన్యం లేదు. అందువల్ల వారి ప్రేమను నేను పూర్తిగా నమ్మలేకపోయాను.’ ఈ రెండవ రూపంతో ఇతరులు ఏకీభవించకపోవచ్చు. కాని దేనితో ఏకీభవించడం లేదో వారు చెప్పగలుగుతారు. చర్చ సాగడానికి ఇది చాలు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
మీరు ఇటీవల చూసిన ఏదైనా ప్రేమకథలో మీకు నచ్చని ఒక పాత్రను తీసుకోండి. 7.4.1లోని మూడు ప్రశ్నలను వేసి, మీ అభిప్రాయం పాత్రపైనా, కథ వైఖరిపైనా అన్నది తేల్చండి.

7.7 సారాంశం

జపాన్ బొమ్మల కథల నుంచి థాయ్ ఇంటర్నెట్ నవలలకూ, వాటి నుంచి టెలివిజన్‌కూ ‘వై’ కథలు ప్రయాణించాయి. వీటిపై ప్రేక్షకుల అభిప్రాయాలు నాయక పాత్రల అచ్చులు, ‘నిన్ను మాత్రమే’ అన్న వాదం, స్త్రీ పాత్రలు, సమ్మతి, ముగింపుల చుట్టూ తిరుగుతాయి. పాత్ర చేసిన పనినీ, ఆ పనిపట్ల కథ వైఖరినీ విడదీసి చూడడం వల్ల అభిప్రాయం స్పష్టమవుతుంది. నచ్చని పాత్ర ఉన్న మంచి కథ ఉండవచ్చు. నచ్చిన జంట ఉన్న కథలోనూ లోపం ఉండవచ్చు.

7.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. థాయ్ ‘వై’ సిరీస్‌ల పాత్రచిత్రణపై వినిపించే ప్రధాన అభిప్రాయాలను ఉదాహరణలతో చర్చించండి.
2. ‘పాత్ర తప్పు చేయడం వేరు, ఆ తప్పును కథ తప్పుగా గుర్తించకపోవడం వేరు.’ వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘బ్యాడ్ బడ్డీ’ ముగింపుపై అభిప్రాయభేదాలకు కారణమేమిటి?
2. ‘ఖూ-జిన్’ అనగానేమి? దాని హద్దులను తెలపండి.